బోర్డు తిప్పినావా అమ్మా?

కృష్ణగిరిలో ఒక రక్తపరీక్షల ల్యాబు కౌంటరు ముందు, జ్వరంతో కాలిపోతున్న కూతుర్ని భుజాన వేసుకుని నిలబడి ఉన్నప్పుడు, ఒకప్పుడు నాతో పనిచేసిన ఒక పెద్దాయన రాసిన వాక్యం నాకు కంప్యూటరు తెర మీద కనిపించింది.

"మీరు ఏ శాఖలో రక్తం ఇచ్చారో చెప్పండి. అది తెలియకుండా ఏమీ చూపించలేను."

తమిళంలో ఒక వరుస, తెలుగులో ఒక వరుస, కన్నడంలో ఒక వరుస. కౌంటరులోని అమ్మాయి తెరను నా వైపు తిప్పింది. "చూడండక్కా, రానంటా ఉంది."

ఆద్యకు రెండేళ్ళు. హోసూరులో జ్వరం మొదలైనప్పుడు ఆ ల్యాబు నుంచి ఒకతను ఇంటికే వచ్చి రక్తం తీసుకుపోయాడు. మర్నాటికి జ్వరం తగ్గలేదు సరికదా, పాప నీళ్ళు కూడా వద్దని తల తిప్పేసుకోవడం మొదలుపెట్టింది. మా అక్క కృష్ణగిరిలో ఉంటుంది. అక్క పిల్లల్ని చూసే డాక్టరమ్మ మీద నాకు గురి. పాపను ఎత్తుకుని బస్సెక్కేశాను. డాక్టరమ్మ పాప పొట్ట నొక్కి చూసి, కళ్ళు చూసి, "నిన్న ఇచ్చిన రక్తం రిపోర్టు ముందు చూపించండి. ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో చూస్తే గాని, చేర్చుకోవాలో ఇంటికి పంపాలో చెప్పలేను" అన్నారు. అదే ల్యాబుకు అక్కడా శాఖ ఉంది, ఆసుపత్రికి ఎదురుగానే. రోడ్డు దాటి పరుగున వెళ్ళాను.

ఫోనుకు రావలసిన రిపోర్టు రాలేదు. అతనిచ్చిన చీటీ హోసూరులో ఫ్రిజ్ మీద ఉండిపోయింది. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టేసి లోపలికి పోవాలి. హోసూరులో ఆ ల్యాబుకు బస్టాండు దగ్గర ఒక శాఖ, బాగలూరు రోడ్డులో ఇంకొకటి. ఇంటికి వచ్చినతను ఎక్కడివాడో నేను అడగలేదు. పాప ఏడుస్తుంటే ఎవరు మాత్రం అడుగుతారు?

"పేరు కొట్టి చూడమ్మా. ఆద్య, రెండేళ్ళు. ఏది వస్తే అది చూపించు" అన్నాను.

"ఉత్త పేరుతో రాదక్కా ఇది. యాడిచ్చినారో చెప్పాల్సిందే."

నాకు ఆ తెరను పగలగొట్టాలనిపించింది. పిల్ల మెడ నా మెడకు ఆని సెగలు కక్కుతోంది. యంత్రం ముందు నిలబడి బతిమాలుకుంటున్నాను. అది "లేను" అంటోంది. ఏ యంత్రమైనా "వివరాలు లభించలేదు" అంటుంది గాని, మనిషిలాగా "చూపించలేను" అంటుందా? అలా రాయాలని పట్టుబట్టే మనిషి నాకు తెలిసి ఒక్కరే. ఆ కోపంలోనే ఆయన నాకు ఎదురొచ్చారు. అప్పటికి ఆయన పోయి కొన్ని నెలలు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరికీ ఉపయోగం లేదు. ఆ పేరు గలవాళ్ళు మా చిన్న ఆఫీసులోనే ముగ్గురుండేవారు. హోసూరు బస్టాండులో ఆ పేరు పెట్టి గట్టిగా పిలిస్తే సగం మంది మగవాళ్ళు వెనక్కి తిరుగుతారు. ఆ సంగతి మీద ఆయనే జోకులు వేసేవారు. మేము "సార్" అనేవాళ్ళం. ఆయన మాత్రం ఆడవాళ్ళందరినీ అమ్మా అని, మగవాళ్ళందరినీ అప్పా అని పిలిచేవారు, మా మేనేజరుతో సహా. మేనేజరు విజయవాడ వైపు నుంచి వచ్చినవాడు, ఆయన కంటే చాలా చిన్నవాడు. మొదట్లో ఆ "అప్పా" అనే పిలుపుకు ముఖం మాడ్చుకునేవాడు. తర్వాత అలవాటు పడిపోయాడు.

ఆయనది డెంకణికోట అవతల అడవి అంచున ఊరు. ఆలస్యమైన రోజు, "దావలో ఏనుగులు నిలబడినాయి" అనేవారు. ఒకసారి మేనేజరు, "సార్, ఈ నెలలో మీకు అడ్డమొచ్చినన్ని ఏనుగులు ఆ అడవిలో ఉన్నాయా అని" అన్నాడు నవ్వుతూ. ఆయన తల కూడా ఎత్తకుండా, "అన్నీ ఒకటే ఏనుగప్పా. దానికి నేనంటే ఇష్టం" అన్నారు.

ఆయనతో ఫోనులో మాట్లాడటం ఒక పరీక్ష. నంబరు ఆయన ఫోనులో ఉంటుంది, పేరు తెర మీద పడుతుంది, పొద్దున్నే పక్క కుర్చీలో కూర్చుని మాట్లాడి ఉంటాం. అయినా ఎత్తగానే అడిగేవారు, "ఎవరమ్మా మాట్లాడేది?"

"నేను సార్, మాధవిని."

"యాడి నుంచి?"

"మన ఆఫీసు నుంచే సార్. కింద క్యాంటీనులో ఉన్నాను."

"ఆ, చెప్పమ్మా."

అప్పటికి గాని అసలు మాట మొదలయ్యేది కాదు. ఆయనకు గొంతులు గుర్తుపట్టడం రాదని కొందరు, చెవుడని కొందరు అనుకునేవాళ్ళం. ఒకరోజు మా జట్టులోని కుర్రాళ్ళు పందెం వేసుకుని, పక్క గదిలోంచి ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు చేశారు. ప్రతి ఒక్కరినీ అదే ఓపికతో అడిగారు, ఎవరు, యాడి నుంచి అని. చివరివాడు, "నేనే సార్, ఇందాక చేసినవాణ్ణే" అంటే, "ఇందాక చేసింది ఇందాకటితో అయిపాయె. ఇప్పుడెవరు?" అన్నారు.

మా పనేమిటో కొంచెం చెప్పాలి. మా ఆఫీసు సాఫ్ట్‌వేర్ రాసిచ్చింది ఆ ల్యాబు సంస్థకే. దానికి హోసూరు బస్టాండు, బాగలూరు రోడ్డు, కృష్ణగిరి, డెంకణికోట ఇలా శాఖలున్నాయి. ఒక్కో శాఖకు ఒక్కో డేటాబేస్, అంటే ఆ శాఖకు వచ్చిన రోగుల వివరాలన్నీ దాచే కొట్టు. కానీ అన్ని శాఖలవాళ్ళూ వాడే అప్లికేషన్ ఒక్కటే, ఒకే సర్వర్ మీద నడుస్తుంది. ఎవరైనా ఒక రిపోర్టు అడగగానే, అది ఏ శాఖదో చూసి, ఆ శాఖ డేటాబేస్‌కు పోయే కనెక్షన్‌ను అప్పటికప్పుడు ఎంచి ఇవ్వాలి. ఆ ఎంచే పని చేసే చిన్న ప్రోగ్రాం ఆయనది. మేము దాని చుట్టూ మిగతా ఇల్లు కట్టేవాళ్ళం.

అడిగిన ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరిస్తే ఆలస్యమవుతుంది. అందుకని కొన్నింటిని ముందే తెరిచి ఉంచుతారు. సర్వర్ లోపల పనిని మోసే థ్రెడ్లు కూడా అంతే. ఒకరి పని ముగించి వచ్చి, ఇంకొకరి పని అందుకుంటాయి. చిక్కంతా అక్కడే. ఇందాకటి పని డెంకణికోటది అనుకోండి. ఆ గుర్తు చెరిపేయకుండా థ్రెడ్ తిరిగొస్తే, తర్వాత వచ్చిన బాగలూరు మనిషిని కూడా అది డెంకణికోట కొట్టుకే తీసుకుపోతుంది. తెర మీద ఏ తప్పూ కనపడదు. జాబితా చక్కగా వస్తుంది. కాకపోతే అది వేరేవాళ్ళ జాబితా.

నేను చేరిన కొత్తలో ఇది నాకు అర్థం కాలేదు. ఆయన కిటికీలోంచి రోడ్డు చూపించారు.

"టౌను బస్సు చూసినావా అమ్మా? డెంకణికోటకు పోయి తిరిగొస్తుంది. మళ్ళా బాగలూరుకు పోవాల. డ్రైవరు బోర్డు తిప్పకుండానే టీ తాగను పోయినాడనుకో. జనం డెంకణికోట అని ఎక్కేస్తారు. బస్సు బాగానే ఉండాది. డ్రైవరు బాగానే ఉండాడు. రోడ్డూ బాగానే ఉండాది. దిగినాక గదా తెలిసేది."

అప్పటి నుంచి నేను రాసిన ఏ ప్రోగ్రాం తీసుకుపోయినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "బోర్డు తిప్పినావా అమ్మా?" అంటూ అరచేతిని బల్ల మీద పెట్టి, నెమ్మదిగా వెల్లకిలా తిప్పేవారు. తర్వాత్తర్వాత మాట కూడా మానేసి చెయ్యి మాత్రమే తిప్పేవారు. మీటింగు మధ్యలో గాజు తలుపు అవతల నుంచి ఆ చెయ్యి తిరగడం కనిపిస్తే, ఏదో చెరపడం మరిచిపోయానేమోనని, మీటింగు ముగియగానే పోయి ప్రోగ్రాం తెరిచి చూసుకునేదాన్ని. చాలాసార్లు నిజంగానే మరిచిపోయి ఉండేదాన్ని. కొన్నిసార్లు ఆయన ఊరికే చెయ్యి నొప్పికి తిప్పుకునేవారు.

చలికాలంలో, చిక్కుడులాంటి అనపకాయలు వచ్చే రోజుల్లో, ఆయన డబ్బాలో నానబెట్టిన గింజలు తెచ్చేవారు. మా ప్రోగ్రాం పరీక్షలు నడిచేటప్పుడు అరగంటో గంటో చూస్తూ కూర్చోవడమే పని. మేము ఫోన్లు చూసుకునేవాళ్ళం. ఆయన ఒళ్ళో తువ్వాలు పరుచుకుని గింజల పొట్టు పితికేవారు. బొటనవేలితో నొక్కగానే పప్పు ఎగిరి డబ్బాలో పడేది, అప్పుడప్పుడూ కీబోర్డులో పడేది. "సాయంత్రం పితికిపప్పు. ఇంట్లో ఆయమ్మ ఒక్కతే ఎంతని పితుకుతుంది?" అనేవారు. ఆయన కీబోర్డు తిరగేస్తే ఒక పూట కూర వస్తుందని మేము నవ్వుకునేవాళ్ళం.

ఇంత చెప్పాక, ఆయనతో పని చేయడం హాయిగా ఉండేదని అనుకోవద్దు. పరమ నెమ్మది. ఒక్క వరుస రాయడానికి పూట పట్టేది. తను సరే అనుకునే దాకా ఎవరినీ కదలనిచ్చేవారు కాదు. ల్యాబుకు ఇవ్వవలసిన గడువు దాటిపోతున్నా, తెర మీద రావలసిన ఆ ఒక్క వాక్యం కోసం రోజుల తరబడి వాదించారు.

ఆ వాదన నాకు బాగా గుర్తు. రిపోర్టు వెతికే తెరలో, శాఖ పేరు ఎవరూ నింపకపోతే ఏం చేయాలి? అందరూ చేసేదే చేద్దామన్నాడు మేనేజరు. శాఖ తెలియకపోతే దానంతట అది కృష్ణగిరి డేటాబేస్‌కు పోయేలా పెట్టేయాలి. అది వాళ్ళ మొదటి శాఖ, పెద్దది.

"ఏదో ఒకటి కనిపిస్తుంది కదా సార్. ఖాళీ తెర చూస్తే కస్టమర్ భయపడిపోతాడు" అన్నాడు.

"భయపడనీ అప్పా."

"అదేంటి సార్?"

"భయపడినోడు అడుగుతాడు. ఏదో ఒకటి కనిపించినోడు నమ్మి ఇంటికి పోతాడు."

"మీరు మరీ విడ్డూరంగా మాట్లాడతారండీ. సాఫ్ట్‌వేర్ అన్నాక ఏదో ఒక జవాబు ఇవ్వాలి."

"నాకు తెలీదు అనేది జవాబు కాదా?"

మేనేజరు నా వైపు చూశాడు. నాకు అప్పుడు ఆరో నెలో ఏడో నెలో. నడుము నొప్పి. ఎవరు గెలిచినా సరే, ఇంటికి పోతే చాలనిపించింది. చివరికి ఆయనే గెలిచారు, వాదించి కాదు, లేవకుండా కూర్చుని. పైగా ఆ వాక్యం మూడు భాషల్లోనూ ఉండాలన్నారు. "లభించలేదు" అని రాస్తే, "యంత్రం చేతగాక అట్లంటా ఉంది అనుకుంటారమ్మా, కోపమొస్తుంది. చూపించలేను అను. ఎవరో మనిషి ఉండి ఒద్దంటా ఉండాడు అనుకుంటారు, అడుగుతారు" అన్నారు.

అది నడవడం మొదలైన వారంలో అన్ని శాఖల నుంచీ తిట్లే తిట్లు. కౌంటర్ల ముందు వరుసలు పెరిగిపోయాయట. మేనేజరు తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఆ ఫోన్లన్నీ సారే ఎత్తారు. అవతలివాళ్ళు అరుస్తుంటే ఈయన మొదలుపెట్టేవారు, "ఎవరమ్మా మాట్లాడేది? ఏ శాఖ?" మేము బల్లల కింద తలలు దాచుకుని నవ్వేవాళ్ళం.

పరీక్షల కోసం మేము ఉత్తుత్తి రోగులను సృష్టించుకునేవాళ్ళం. ఎవరైనా వాటికి వేర్వేరు పేర్లు పెడతారు. ఆయన అన్ని శాఖల్లోనూ ఒకే పేరు పెట్టేవారు, తన పేరే. వయసూ ఒకటే. రక్తం ఫలితాలు మాత్రం వేర్వేరు. దాంతో ఏ రిపోర్టు ఏ శాఖ నుంచి వచ్చిందో అంకెలు పట్టి చూసుకుంటే గాని తెలిసేది కాదు. కళ్ళు పోయేవి. ఒక మధ్యాహ్నం, పరీక్షలు నడుస్తున్నాయి, ఆయన గింజలు పితుకుతున్నారు. నాకు విసుగొచ్చి అడిగేశాను.

"ఎందుకు సార్ అందరికీ మీ పేరే పెడతారు? శాఖకొక పేరు పెడితే తప్పు వెంటనే తెలిసిపోతుంది కదా."

"తెలిసిపోతుంది గదా, అందుకే. నిజమైన ఊర్లో అట్ల తెలియదమ్మా."

కొంచెంసేపు పితికారు. తర్వాత చెప్పారు. ఆ ఒక్కసారే చెప్పారు.

చదువు మధ్యలో ఆపేసి ఆయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో మిషను మీద పని చేసిన రోజులవి. సెల్‌ఫోన్లు లేవు. ఏ కబురొచ్చినా గేటు దగ్గరున్న ఫోనుకే. ఒకరోజు గేటు నుంచి మనిషి వచ్చి, ఆయన పేరు పిలిచి, "అంచెట్టి నుంచి ఫోనొచ్చిందప్పా. మీ అమ్మ పోయిందంట" అన్నాడు. ఆయన వాళ్ళమ్మ అప్పట్లో అంచెట్టి దగ్గర కూతురింట్లో ఉండేది.

"నేను ఏమీ అడగలేదమ్మా. ఎవరు చేసినారు, పోయినామె పేరేంది, ఏమీ. అట్లే పరుగెత్తినాను. డెంకణికోటలో బస్సు మారినాను. అడవిలో బస్సు వంకరలు తిరుగుతా ఉంటే, ఏడ్చినాను. పక్కనోళ్ళు నీళ్ళిచ్చినారు. ఆడ దిగి ఇంటికి పోతే, మా అమ్మ వాకిట్లో కూర్చోని ఉలవలు చెరుగుతా ఉంది. నన్ను చూసి, 'ఏంరా ఈ పొద్దులో వచ్చినావు, పనిలోనుంచి తీసేసినారా?' అనె."

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వారు.

"నాకెంత సంతోషమంటే, ఆమెను ఎత్తుకుని తిప్పినాను. తిట్టింది. సంగటి పెట్టింది. తింటా ఉండాను. రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాక తట్టింది. మా అమ్మ ఈడ ఉండాది. మరి పోయింది ఎవరి అమ్మ?"

అదే ఫ్యాక్టరీలో, వేరే సెక్షనులో, అదే పేరు గలతను ఇంకొకడున్నాడు. అతనిదీ అంచెట్టి పక్కన ఊరే.

"తిరిగి పోదామంటే ఆ పొద్దుకు బస్సు లేదు. ఆ ఊర్లో ఫోను ఒక్క అంగట్లో ఉండేది, వానకు లైను పోయింది. తెల్లారి మొదటి బస్సుకు పోయి చెప్పినాను. ఆయప్ప యాడుండాడు అనుకున్నావు? నా మిషను దగ్గర. నేను లేను గదా, నా షిఫ్టు కూడా ఆయప్పకే వేసినారు. రాత్రంతా నా పని చేసినాడు. వాళ్ళ ఊర్లో ఆయప్ప కోసం చూసి చూసి, మట్టి చేసేసినారు."

గింజలు పితకడం ఆగిపోయింది.

"ఆయప్ప నన్ను ఏమన్నా అనుంటే బాగుండు. ఏమీ అనలేదు. 'మీ అమ్మ బాగుందా?' అని అడిగినాడు."

అంతలో పరీక్షలు పూర్తయినట్టు కంప్యూటరు గంట మోగింది. ఆయన తెర వైపు వంగి, అన్ని శాఖల్లోనూ ఉన్న తన పేరును ఒక్కొక్కటే అంకెలతో సరిచూసుకోసాగారు.

ఆద్య పుట్టాక నేను పని మానేశాను. మామూలుగానే నాకు భయమెక్కువ. పాప పుట్టాక అది ఇంటి పైకప్పంత అయింది. తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో పెట్టే ప్రతి జబ్బూ నా పాపకే వచ్చినట్టుండేది. ఒకసారి ఆయన ఏదో పాత ఫైలు సంగతి అడగడానికి ఫోను చేశారు. నేను ఫైలు సంగతి వదిలేసి ఏడవడం మొదలుపెట్టాను. ఎవరి బిడ్డకో మెడ నిలబడటం ఆలస్యమైతే ఏదో పెద్ద జబ్బని తేలిందట, అది చదివాను.

"ఆ పిల్ల యాడుండాది?" అని అడిగారు.

"తెలీదు సార్. గ్రూపులో ఎవరో పెట్టారు."

"మన పిల్ల యాడుండాది?"

"నా ఒళ్ళో."

"ఏం చేస్తా ఉంది?"

"నా చెవి పట్టుకుని పీకుతోంది."

"సరే. ఆ పిల్లకు బాగుండాలని దండం పెట్టుకో. ఈ పిల్లకు పాలియ్యి. రెండూ కలపొద్దు."

ఫైలు సంగతి ఆయన మళ్ళీ అడగలేదు. కొన్నాళ్ళకు పితికిపప్పు డబ్బాతో పాపను చూడటానికి వచ్చారు. ఎత్తుకోలేదు. చాప మీద పడుకున్న పాప ముందు గొంతుక్కూర్చుని, "ఎవరమ్మా నువ్వు? యాడి నుంచి వచ్చినావు?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఆగారు. పాప "ఊ" అంది. "ఆ, అట్ల చెప్పాల" అన్నారు.

నేను ఆయన్ను చూడటం అదే ఆఖరు. ఆయన పోయిన కబురు ఆఫీసు పాత గ్రూపులో వచ్చింది, గుండెపోటని. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. మేనేజరు ఒక్కడే ఒక మాట రాశాడు, "నన్ను అప్పా అని పిలవడానికి ఇక ఎవరున్నారు" అని.

ఇదంతా కౌంటరు ముందు వరుసగా గుర్తొచ్చిందని చెప్పను. అక్కడ గుర్తొచ్చింది తిరిగే చెయ్యి ఒక్కటే. ఏది వస్తే అది చూపించమని ఇంకోసారి అనలేకపోయాను.

"ఫోను చేసి కనుక్కోమ్మా. హోసూరులో రెండు శాఖలూ అడుగు" అన్నాను.

ఆ అమ్మాయి చేసింది. బస్టాండు శాఖవాళ్ళు లేదన్నారు. బాగలూరు రోడ్డువాళ్ళు ఎత్తడానికి చాలాసేపు పట్టింది. ఎత్తాక ప్రశ్నలు. పాప పేరు, వయసు, తల్లి పేరు, ఏ వీధి, ఇంటికొచ్చినతను ఏ రంగు చొక్కా వేసుకున్నాడు. ఆ అమ్మాయి ఒక్కొక్కటే నన్ను అడిగి అవతలికి చెబుతోంది. పాప నా భుజం మీద మూలిగింది. నేను జవాబులు చెబుతున్నాను, మాధవి, చెరువు వెనక వీధి, నీలం చొక్కా. చెబుతున్న కొద్దీ, ఎందుకో, కంగారు తగ్గింది.

"దొరికిందక్కా. బాగలూరు రోడ్డుదే."

శాఖ పేరు ఎంచగానే రిపోర్టు వచ్చేసింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. ఆ అంకె పక్కన గుర్తు ఎర్రగా ఉంది. కాగితం ప్రింటు తీస్తూ ఆ అమ్మాయి అంది, "పొద్దున ఇంకో ఆద్య వచ్చిందక్కా మా శాఖకే. రెండేళ్ళే. వాళ్ళది అంతా నార్మలు. వాళ్ళమ్మ నవ్వుకుంటా పోయింది."

నేను ఆ కాగితాన్ని పట్టుకుని రోడ్డు దాటాను. ఎలా దాటానో తెలియదు. డాక్టరమ్మ చూసి, "మంచిది, వెంటనే తెచ్చారు. ఇప్పుడే చేర్చుకుంటున్నాం" అన్నారు. వెంటనే అన్న మాట నా చెవిలో గుచ్చుకుంది. ఖాళీగా వదిలిన గడిలో యంత్రమే కృష్ణగిరి అని నింపుకుని ఉంటే, నాకు అక్కడికక్కడే ఒక ఆద్య దొరికేది. రెండేళ్ళ పిల్ల, అంతా బాగున్న పిల్ల. నేను మంచి కబురు కోసం ఎంత ఆకలిగా ఉన్నానంటే, తల్లి పేరు కూడా చదవకుండా దాన్ని డాక్టరమ్మకు చూపించి, పాపను ఎత్తుకుని నవ్వుకుంటూ హోసూరు బస్సెక్కేదాన్ని.

వార్డులో సెలైను ఎక్కుతున్న రోజుల్లో పాప చేతి మీద పట్టీ చూస్తూ, ఆ ఇంకో ఆద్య గురించి ఆలోచించేదాన్ని. ఆ పిల్ల బాగుండాలని దండం పెట్టుకున్నాను. ఈ పిల్లకు గ్లాసులో నీళ్ళు పట్టించాను.

మేము ఇంటికి వచ్చేశాం. నిన్న మధ్యాహ్నం పాప పప్పన్నం అడిగి తిన్నాక, నేను ఆయన నంబరుకు ఫోను చేశాను. ఎందుకో తెలియదు. మోగదనుకున్నాను. మోగింది. ఒక ఆడగొంతు పలికింది.

"ఎవరమ్మా మాట్లాడేది?"

ఆయన అడిగినప్పుడు చెప్పినట్టే అంతా చెప్పాను. "నేను మాధవినమ్మా. హోసూరు నుంచి. సార్‌తో ఆఫీసులో పని చేశాను."

"మాధవీ! పాప పుట్టిందే, ఆ మాధవివా? చెప్పు తల్లీ."

ల్యాబు సంగతంతా చెప్పాను. సార్ వాళ్ళావిడ మధ్యలో "అయ్యో" అంటూ విన్నారు. చివర్లో నేను, "సార్‌కు గొంతులు గుర్తుండేవి కావు గదమ్మా, ఎప్పుడూ ఎవరని అడిగేవారు" అన్నాను నవ్వుతూ.

"ఆయనకా?" ఆవిడ కూడా నవ్వారు. "గొంతులు తెలీకపోవడమేంది తల్లీ? వాకిట్లో చెప్పు చప్పుడుకే వచ్చింది ఎవరో చెప్పేవాడు. నీ ఫోను మోగితే, 'మన మాధవి, పాప సంగతేమో' అని నాకు చెప్పి, ఆమీద ఎత్తి, ఎవరమ్మా అనేవాడు. తెలిసి గూడా ఎందుకడుగుతావు అంటే, నవ్వేవాడు."

ఆవిడే అడిగారు, "ఇప్పుడు మీ పాపకు ఎట్లుంది?"

బాగుందన్నాను.

ఇది రాస్తుంటే పాప పక్కనే నిద్రపోతోంది. ఫ్యాను గాలికి జుట్టు నుదుటి మీద పడుతోంది. జుట్టు పక్కకు తోసి అరచెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. అయినా, నమ్మకం చాలక, చెయ్యి తిప్పి ఇంకోసారి చూశాను.